బావ ఎంచుకున్న రెండో క్లాసు

అక్క ఈశ్వరి ఫోన్ చేసినప్పటినుంచీ వినోద్‌కి అన్నం సయించలేదు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్న అతను నాలుగు నెలలుగా గరివిడిలోని అక్క ఇంటి గడప తొక్కలేదు. పరీక్షలని ఒకసారి, జ్వరమని ఇంకోసారి అబద్ధాలు చెప్పి తప్పించుకున్నాడు. ఈసారి అక్క ఆ అవకాశం ఇవ్వలేదు. ఆదివారం బావ రమ్మంటున్నాడని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నాలుగు నెలల కిందట రాజాంలో పెళ్ళిభోజనం చేసి వస్తున్నప్పుడు బండి నడిపింది వినోదే. గేదె అడ్డం వస్తే తప్పించబోయి కంకర మీద జారాడు. అతనికి మోకాలు చెక్కుకుపోయింది, అంతే. వెనక కూర్చున్న బావ దేవేంద్ర కుడిచెయ్యి బండికీ కల్వర్టు గోడకీ మధ్య పడి నలిగిపోయింది. రెండు ఆపరేషన్లు చేశాక కూడా చూపుడువేలు, మధ్యవేలు ఇక పూర్తిగా వంగవని, పక్క రెండు వేళ్ళకీ పట్టు రాదని డాక్టరు చెప్పేశాడు. ఆసుపత్రిలో బావ వినోద్‌ని ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని వినోద్‌కి ఎన్నోసార్లు అనిపించింది.

అంతకుముందు రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఇద్దరూ ఎవరి ఊళ్ళో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే ఆట ఆడేవాళ్ళు. ఆ ఆటలో ఎవరి మనిషిని వాళ్ళు తయారుచేసుకోవాలి. మొదట ఒక క్లాసు, అంటే వాడు యుద్ధం చేస్తాడా, వైద్యం చేస్తాడా అన్న విద్య, తీసుకోవాలి. పదో లెవెల్‌కి చేరాక రెండో క్లాసు కలుపుకోవాలి. ఒకసారి కలిపాక మార్చుకోవడం కుదరదు. ఆ జోడీతోనే చివరిదాకా నెగ్గుకురావాలి. దేవేంద్ర మనిషి వారియర్, రోగ్ కలిసినవాడు. కత్తి దూసి మీదపడి, మాయమై, వెనకనుంచి పొడిచి పక్కకి దూకే రకం. వాణ్ణి ఆడించాలంటే ఏడెనిమిది మీటల మీద వేళ్ళు పరుగెత్తాలి. వినోద్‌ది ముఖ్యంగా ప్రీస్ట్. వెనక నిలబడి బావకి తగిలిన దెబ్బలు మాన్పడమే అతని పని. ప్రమాదం జరిగాక వినోద్ ఆ ఆట తెరవలేదు. బావ కూడా తెరవడనే అనుకున్నాడు.

ఆమదాలవలసలో ప్యాసింజర్ రైలెక్కి గరివిడిలో దిగేసరికి ఉదయం తొమ్మిదయింది. ఇంట్లోకి అడుగుపెడితే దేవేంద్ర కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక నోటుబుక్కు. ఎడంచేత్తో రాసిన అక్షరాలు పేజీ నిండా వంకరటింకరగా ఉన్నాయి. అన్నీ క్లాసుల పేర్లే. ఒక్కో జోడీ రాసి, కొట్టేసి, కింద ఇంకోటి రాశాడు. పది రోజుల్లో అయిదుగురు కొత్త మనుషుల్ని తయారుచేశాడట. అయిదుగురూ వంతెన దగ్గర కాపలా ఉండే రాకాసి చేతిలోనే చచ్చారట.

"ఎడంసేత్తో మౌసు, కుడి బొటనేలితో ఒక్క మీట. నాకాడ ఉన్నాదంతే," అన్నాడు దేవేంద్ర. "దీనికి సరిపోయే జోడీ సెప్పు. అందుకే రమ్మన్నాను."

ఇందుకా పిలిచింది అనుకోగానే వినోద్‌కి ఊపిరి కొంచెం తేలికైంది. తొందరపడి, ఆటని సులువు స్థాయికి మార్చేద్దామన్నాడు. బావ ముఖం ముడుచుకుంది. సులువు అక్కర్లేదని, జోడీ కావాలని ముక్తసరిగా చెప్పాడు. వినోద్ నాలిక కరుచుకుని నోటుబుక్కు దగ్గరికి లాక్కున్నాడు. పిడుగులు కురిపించే షామన్ అయితే నాలుగు మీటలు కావాలి. హంటర్‌కి బాణం గురి నిలవాలి, బావ ఎడంచేతికి మౌసు ఇంకా అలవాటు కాలేదు. గంటసేపు తర్జనభర్జన పడ్డారు.

బెండకాయలు తరుగుతూ అటు వచ్చిన ఈశ్వరి తెర వైపు చూసింది. అక్కడ శత్రువొకడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, నాలుగు తోడేళ్ళు బావ మనిషిని పీకుతున్నాయి.

"ఆ కుక్కలు ఎవలివి?" అని అడిగింది.

కుక్కలు కావని, తోడేళ్ళని, వాడు సమనర్ కాబట్టి వాటిని పిలిచి తన బదులు కొట్టిస్తాడని వినోద్ చెప్పాడు.

"మరి వాడు సెయ్యి కదపకుండా నెగ్గుతన్నాడు కదా. మీరూ అదే తీసుకోండి."

బావ, బావమరిది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సమనర్ అంటే బద్ధకస్తుల క్లాసని రెండేళ్ళుగా వెక్కిరించినవాళ్ళే ఇద్దరూ.

మధ్యాహ్నానికి దేవేంద్ర కొత్త మనిషి, సమనర్, పదో లెవెల్‌కి చేరాడు. వెనక మూడు తోడేళ్ళు. ఇక రెండో క్లాసు. వారియర్ అయితే ప్రాణం గట్టిగా ఉంటుందని దేవేంద్ర అన్నాడు. ప్రీస్ట్ తీసుకోమన్నాడు వినోద్. రెండేళ్ళు ఆడినవాడు కదా, అతనికి తెలుసు. ప్రీస్ట్ చుట్టూ వెలిగే వలయం ఒక్కసారి మీట నొక్కితే ఆరదు. దాని లోపల ఉన్నంతసేపూ తోడేళ్ళ గాయాలు వాటంతటవే మానుతాయి. దేవేంద్ర చాలాసేపు ఆలోచించి, ప్రీస్ట్ మీద నొక్కాడు.

వంతెన రాకాసి పావుగంటలో కూలింది. దేవేంద్ర అరవలేదు, ఎగరలేదు. కుర్చీలో వెనక్కి వాలి, తెరమీదనుంచి చూపు తిప్పకుండానే మాట్లాడాడు.

"ఆ రోజు బండి తొందరగా తోలమన్నది నేను కదరా. ఆరింటికల్లా ఆటలో కూకోవాలని నీ ఈపు మీద తట్టి తట్టి సెప్పాను. మీ అక్కకి ఇంతవరకూ సెప్పనేదు. నువ్వు రాకపోతే నామీద కోపం పెట్టుకున్నావనుకున్నాను."

వినోద్‌కి ఆ తట్టడం అప్పుడు గుర్తుకొచ్చింది. ఇన్నాళ్ళూ అతనికి యాక్సిలరేటర్ మీద తన చెయ్యి ఒక్కటే గుర్తుంది. "నీకే నామీద కోపమనుకున్నాను బావా," అన్నాడు.

ఈశ్వరి గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఆట కోసమా?" అంది. కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ నాలుగు నెల్లు మోసుకు తిరిగినది ఇదేటి? ముందే సెప్తే ఆ రోజే ఇద్దర్నీ తిట్టి ఊరుకుందును." ఆ తర్వాత నిజంగానే తిట్టింది, కంచాలు పెడుతూ, అన్నం వడ్డిస్తూ. వినోద్ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

బావకి తోడేళ్ళూ వలయమూ వచ్చాయి కాబట్టి వినోద్ పాత ప్రీస్ట్‌తో ఇక పనిలేదు. అతను కూడా అదే కంప్యూటర్లో వారియర్‌తో మొదటినుంచి మొదలుపెట్టాడు. సాయంత్రం రైలుకి బయలుదేరేసరికి ఎనిమిదో లెవెల్‌కి వచ్చాడు. ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, రెండో క్లాసు ఏది కలపాలా అని ఆలోచిస్తూ పొందూరు రాకముందే నిద్రలోకి జారిపోయాడు. లేచేసరికి ఆమదాలవలస దాటిపోయింది. అవతలి స్టేషను తిలారులో దిగి, నవ్వాపుకోలేక బావకి ఫోన్ చేసి చెప్పాడు. తిరుగుబండి వచ్చేదాకా ఇద్దరూ షామనా, హంటరా అని వాదించుకుంటూనే ఉన్నారు.