ఎర్ర మొదలు మొలక

విత్తనాల నిల్వకేంద్రంలో నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. పదేళ్లకోసారి పొట్లాల్లోని గింజలు ముసలివైపోతాయి. వాటిని మడిలో చల్లి పండించి, కొత్త గింజలు పొట్లంలో పోసి, పాతవి పారేయాలి. మధ్యలో నాకు నేనుగా పెట్టుకున్న పని ఒకటుంది. మడిలో మిగతావాటిలా లేని మొక్క కనిపిస్తే పీకేస్తాను. ముప్పై ఏళ్లుగా నా పొట్లాలంత శుభ్రమైనవి లేవని పేరు.

మొన్న బ్రీడరమ్మ వచ్చింది. కొత్త వంగడాలు తయారుచేసే ఆవిడని అందరం అలాగే పిలుస్తాం. పొలాల్లో గోధుమకి తుప్పు తెగులు పట్టిందనీ, ఉన్న వంగడాలన్నీ పడిపోతున్నాయనీ, నాలుగు వందల పదిహేడో పొట్లం కావాలనీ అంది. నాకు ముందు ఈ ఉద్యోగం చేసిన మా మావయ్య ఏదో కొండపొలంలో ఏరి తెచ్చిన గింజలవి. రిజిస్టరులో ఆయన రాత అలాగే ఉంది: “కలగాపులగం. కొన్నిటికి కాడ మొదలు ఎర్రన. తెగులుకి అవే నిలిచాయి.”

యాభై గింజలు మొలకెత్తించాను. వారం తిరిగేసరికి యాభై మొలకలూ ఒకే ఎత్తు, ఒకే పచ్చదనం. ఆకులన్నీ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. నేను గదిలో అడుగుపెట్టగానే మాటలు ఆపేసిన మనుషుల్లా ఉన్నాయి.

“ఒకే మొహాన్ని యాభై సార్లు చూస్తున్నట్టుంది మాస్టారూ,” అంది బ్రీడరమ్మ. “మిగతావాళ్లేరీ?”

నా బొటనవేలి మీదా చూపుడువేలి మీదా ఎంత కడిగినా పోని పచ్చ మరక ఉంది. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ కప్పు కోసం వెతుకుతోంది. ఐదు తెల్లవి, ఒకటి పువ్వులది ఉండాలి. పువ్వులది లేదు. చివరికి అది నా సంచిలోనే, కాగితంలో చుట్టి దొరికింది. పెట్టిన జ్ఞాపకం నాకు లేదు. ఆమె నవ్వింది.

“నా తలలో తెల్లవెంట్రుక కనిపించినా ఊరుకోరు కదా. ఏదో ఒకరోజు నన్నే ఏరి పారేస్తారు.”

నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలాసేపు నా చేతిని చూసుకుంటూ కూర్చున్నాను.

గింజలు దాచే చల్లగదిలో అన్నిటికన్నా కింది అర వెనక మావయ్య సీసా ఒకటి దొరికింది. ఆయన తెచ్చిన అసలు గింజలు, తొమ్మిది. మూత వదులై తేమ చేరింది. తొమ్మిదీ కుండీల్లో పెట్టాం. ఎనిమిది కుళ్లిపోయాయి. పన్నెండో రోజున ఒకటి తల ఎత్తింది. దాని మొదలు గీరుకున్న చర్మంలా ఎర్రగా ఉంది. అది పూతకి వస్తే, ఇప్పటి గోధుమతో కలిపి తెగుళ్లని తట్టుకునే గుణం ఎక్కించొచ్చట.

“ఇదొక్కటే మాస్టారూ. ఇంకెక్కడా లేదు.”

మొలకల గది తాళంచెవి ఆవిడకి ఇచ్చేశాను. ఎందుకని అడిగితే మోకాళ్ల నొప్పులన్నాను. రెండో తాళంచెవి రిజిస్టరు సొరుగులో ఉంటుందిలే, కావాలంటే తీసుకోండంది. వద్దనాల్సింది.

రెండు రోజులు అటువైపు వెళ్లలేదు. మూడోరోజు భోజనానికి ముందు కుళాయి దగ్గర నిలబడ్డాను. కుడిచెయ్యి తెరుచుకోలేదు. పిడికిలి బిగిసి ఉంది, వేళ్ల సందుల్లో తడి మట్టి. జేబులో సొరుగులోని రెండో తాళంచెవి చల్లగా తగిలింది.

అలాగే బ్రీడరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పిడికిలి చూసింది, నా మొహం చూసింది.

“తెరవండి.”

“రావట్లేదమ్మా.”

ఆవిడ కేకలేయలేదు. నన్ను కుండీ పక్కన కూర్చోబెట్టి, ఒక్కో వేలూ తనే విప్పింది. ఎర్ర మొదలు నలిగింది కానీ వేరు తెగలేదు. తెల్లగా, మట్టితో సహా ఉంది. బతుకుతుందా అని అడిగాను. ఇంకో రెండు రోజులు ఆగితే గానీ తెలియదంది.

ఆవిడ దాన్ని నాటుతుంటే, విప్పిన నా వేళ్లు ఒక్కొక్కటే మళ్లీ మూసుకుంటున్నాయి. ఎడమచేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుని, గది బయటికి తీసుకెళ్లాను.