ఫ్రేము బయటి కుక్క

భర్త పోయాక ఆమె ఆయన కంప్యూటరు ముందు కూర్చోవడం అదే మొదలు. కుర్చీ కూడా ఆయనదే. ఎత్తు తగ్గించుకోకుండా కూర్చుంది గనుక పాదాలు నేలకు సరిగా ఆనలేదు.

ఇంటి ముందుగదే వాళ్ళ ఆఫీసు. కిటికీ పక్క బల్ల భార్యాభర్తలది, తలుపు పక్క బల్ల మరిదిది. ఫోనులో కనిపించే తెరలు గీయడం వీళ్ళ పని, వాటిని నిజంగా నడిచేలా చేసే కోడు రాయడం అతని పని. ఊళ్ళోని పశువుల డాక్టరమ్మ తన ఆసుపత్రికి ఒక యాప్ చేసిపెట్టమని అడిగింది. జంతువుల్ని పెంచుకునేవాళ్ళు చూపించుకోవడానికి ఫోనులోనే సమయం తీసుకోవాలి, టీకాల తేదీలు చూసుకోవాలి. తెరలన్నీ ఆయన ఒక్కడే గీశాడు. గీశాడే గాని అప్పగించలేదు. ఈలోగా గుండె ఆగిపోయింది.

సోమవారం వచ్చి చూస్తానని, కుదరకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానని డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. ఆయన భార్యకు బెంగ మాత్రం పని పోతుందని కాదు. ఆయన పెట్టింది పెట్టినట్టు వెళ్ళాలి. ఒక్క గీత జరిగినా అది ఆయన పని కాకుండా పోతుందని ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది.

"వదినా, ఇలా ఇస్తే నా వల్ల కాదు," అంటూ మరిది తన టాబ్లెట్ తెచ్చి ముందు పెట్టాడు.

ఫోనులో ముచ్చటగా ఉన్న తెర టాబ్లెట్‌లో సగం ఖాళీగా ఉంది. బటన్లూ అక్షరాలూ పిలవని విందుకు వచ్చినవాళ్ళలా ఎడమ మూలన ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి.

"మీ అన్నయ్యకి ఇది తెలీదంటావా?"

"ఎందుకు తెలీదు? చెప్తే, నీ కోడు నువ్వు రాసుకో, కొలతలు నాకు నేర్పకు అనేవాడు. అన్నయ్యకి కంటికొలత అని ఊరికే పేరు పెట్టామా?"

"పోయినవాళ్ళ మీద చాడీలు చెప్పకు."

"ఉన్నప్పుడు మొహం మీదే చెప్పాను. కాబట్టి ఇది చాడీ కాదు."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఈ పనిలో ఫ్రేము అంటే పటానికి వేసే చట్రం కాదు, ఇంట్లో గది లాంటిది. అందులో పెట్టిన సామాను దానితోపాటే కదులుతుంది. గది పెద్దదైతే ఏది గోడను అంటిపెట్టుకోవాలో, ఏది నడుమ నిలవాలో ముందే చెప్పి ఉంచవచ్చు. గదిలో ఇంకో చిన్న గది కట్టవచ్చు. ఆయన అసలు గదులే కట్టేవాడు కాదు. ఖాళీ జాగాలో చాప పరిచినట్టు ఒక తెల్లటి దీర్ఘచతురస్రం గీసి, కావలసినవన్నీ దాని మీద కంటికి నచ్చిన చోట పెట్టుకుంటూ పోయేవాడు. చూడ్డానికి లోటేమీ ఉండేది కాదు. చాప లాగితే మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయేవి.

"వాటిని కదపకుండా ఫ్రేములు కట్టొచ్చు," అంది ఆమె.

"కట్టు. ఎవరు వద్దన్నారు?"

ఆ వారమంతా ఆమె అదే పని చేసింది. ఒక్కొక్క తెర మీదా సరిగ్గా దాని అంచుల వెంట ఫ్రేము గీసింది. గీయగానే లోపలున్నవన్నీ దాని పిల్లలైపోయాయి. ఈ పనిలో ఉన్నవాళ్ళు అలాగే అంటారు, బయటిది తల్లి, లోపలివి పిల్లలు అని. ఆసుపత్రి పేరును ఎడమ అంచుకు కట్టింది, బటన్‌ను అడుగుకు కట్టింది. వరసగా ఉన్న తేదీలకు లోపల మరో ఫ్రేము వేసింది. ఒకటి పూర్తయ్యాక దాన్ని పట్టుకుని, డాక్టరమ్మకు చూపించడానికి తెరిచిన కొత్త పేజీలోకి చేర్చింది. నిండు పాలగిన్నె తొణక్కుండా మోసినట్టు అన్నీ మోసింది. ఏదీ ఉన్నచోటి నుంచి వెంట్రుకవాసి కూడా జరగలేదని ఆమె నమ్మకం.

సోమవారం డాక్టరమ్మ వచ్చింది. చేతి రుమాలుకు ఫినాయిలు వాసన, భుజం మీద ఎవరిదో తెల్లటి పిల్లి వెంట్రుకలు.

"ఏమ్మా, తింటున్నావా వేళకి?" అంది కూర్చుంటూ.

"తింటున్నానండీ."

"మీ ఆయన గురించి ఏం చెప్పాలో నాకు తెలీదు. కుక్కలు పోయినవాళ్ళకి చెప్పే మాటలే నాకొచ్చు. అవి ఇక్కడ పనికిరావు. సరే, చూపించు."

మరిది టాబ్లెట్ చేతికిచ్చాడు. డాక్టరమ్మ దాన్ని నిలువుగా పట్టుకుని చూసింది, అడ్డంగా తిప్పి చూసింది, అక్షరాలు పెద్దవి చేసి చూసింది. ఎలా తిప్పినా అన్నీ తమ తమ చోట్ల సర్దుకున్నాయి.

"పర్లేదే, బుద్ధిగా ఉన్నాయి. నా దగ్గరికొచ్చే వాటికంటే నయం," అని మళ్ళీ మొదటి తెరకు వచ్చింది.

అప్పుడు మరిది వదిన వంక చూశాడు. ఆమె అప్పటికే చూసింది. మొదటి తెర మధ్యలో ఏమీ లేదు. అక్కడ కుక్క ఉండాలి. ఆయన గీసిన గోధుమరంగు కుక్క, పరుగు మీద ఉంటుంది, తోక తెర అంచు దాటి బయటికి పోతుంది. తోక బయటికి పోతేనే అది పరుగెత్తుతున్నట్టని ఆయన వాదన.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు వెంటనే తెలిసింది. ఫ్రేము గీసినప్పుడు పూర్తిగా లోపలున్నవే దానివవుతాయి. ఒక కాలు గడప అవతల పెట్టినవాణ్ణి ఆ ఇల్లు తనవాడిగా లెక్కవేయదు. తోక బయట ఉన్నందుకు కుక్క మొత్తం పాత పేజీలోనే ఆగిపోయింది. అన్నీ జాగ్రత్తగా మోసిన ఆమె వెనక్కి తిరిగి చూసుకోలేదు.

చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోగా డాక్టరమ్మే అంది.

"ఈ ఖాళీ బాగుంది. ఎవరి జంతువు ఫోటో వాళ్ళు పెట్టుకోడానికేగా వదిలారు?"

"కాదండీ, అక్కడ కుక్క ఉండాలి," అన్నాడు మరిది. "అన్నయ్య గీశాడు. పొరపాటున జారిపోయింది."

"కుక్కా? నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది పిల్లులవాళ్ళే నాయనా. యాప్ తెరవగానే కుక్క మీదికొస్తే ఏం బావుంటుంది? నిన్న ఒకాయన తాబేలును తెచ్చాడు. దానికి జలుబు."

"తాబేలుకి జలుబేంటండీ?"

"ఏం, నీకు రాదా?"

ఆమె నెమ్మదిగా అంది. "ఆ కుక్కని ఆయన ఎంతో ఇష్టంగా గీశారు డాక్టరుగారూ."

"గీసే ఉంటారు." డాక్టరమ్మ టాబ్లెట్ బల్ల మీద పెట్టింది. "ఇదిగో, పని మీదే. అందులో రెండో మాట లేదు. కుక్కే కావాలంటే కుక్కనే పెట్టు, నేను కాదనను. వాళ్ళ జంతువు మొహమే ఉంటే జనం మళ్ళీ మళ్ళీ తెరుస్తారని నాకనిపించింది, అంతే. ఏదో ఒకటి తేల్చి చెప్పు. కావాలంటే ఫోటోలు పంపిస్తాను, పెట్టి చూసుకో."

ఆవిడ వెళ్ళాక ఆమె కంప్యూటరు ముందుకు జరిగింది. డాక్టరమ్మ పట్టుబట్టి ఉంటే బాగుండేది, నెపం ఆవిడ మీద వేసి ఊరుకోవచ్చు. ఇప్పుడా వీలు లేదు.

"అన్నయ్యది పెట్టెయ్యి వదినా," అన్నాడు మరిది. "పిల్లులవాళ్ళు సర్దుకుంటారు."

ఆమె పాత పేజీ తెరిచింది. అన్నీ వెళ్ళిపోయిన చోట కుక్క ఒక్కటే పరుగెడుతోంది. దాన్ని తెచ్చి, ఖాళీకి సరిపడా ఒక చదరపు ఫ్రేము గీసి అందులో పెట్టింది. అంచు దాటినదాన్ని ఫ్రేము దాచేస్తుంది కాబట్టి తోక మాయమైంది. దాచవద్దని మార్చింది. ఈసారి టాబ్లెట్‌ను అడ్డం తిప్పగానే తోక వెళ్ళి సమయం తీసుకునే బటన్ మీద పడింది. కుక్కను చిన్నది చేసింది. ఉడుతంత అయింది. మళ్ళీ పెద్దది చేసింది.

డాక్టరమ్మ పంపిన ఫోటోలు వచ్చాయి. తాబేలును పెట్టి చూసింది. లోకమంతటి మీదా అలిగినట్టున్న ఆ మొహం నాలుగంచులా నిండుగా కూర్చుంది. పిల్లిని పెట్టినా కూర్చుంది, చిలకను పెట్టినా కూర్చుంది.

ఆమె కుక్కను ఫ్రేములోంచి తీసి, తెరలన్నిటికీ అవతల ఖాళీ జాగాలో ఉంచింది.

"తీసేస్తున్నావా?" అన్నాడు మరిది.

"తీసెయ్యట్లేదు. ఇక్కడే ఉంటుంది. యాప్‌లోకి రాదు."

"వారమంతా ఏదీ కదపనన్నదానివి నువ్వే."

"అవును, నేనే అన్నాను."

"అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడు కాదు."

"ఒప్పుకునేవారు కాదు. అలిగి నాతో ఓ పూట మాట్లాడేవారు కాదు."

"నాతో వారం."

"ఆ తరవాత ఈ ఆలోచన తనదేనని డాక్టరమ్మకే చెప్పేవారు."

మరిది మొహం అటు తిప్పుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి అటువైపు నుంచే, "ఆ ఫోటో ఫ్రేముకి పేరేం పెడుతున్నావ్? నా కోడులో రాసుకోవాలి," అన్నాడు.

"జంతువు ఫోటో."

"బాగా ఆలోచించావ్."

"నోరు మూసుకుని రాసుకో."

ఆమె రెండో తెర తెరిచింది. టీకాల తేదీలు, వాటి కింద రెండు బటన్లు. లోపలి ఫ్రేము అంచు కనబడుతుండడం వల్ల కాబోలు, మొదటి బటన్ తేదీలతో వరస కలవకుండా కొంచెం కుడికి ఉన్నట్టు తెలుస్తోంది.

"ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

మరిది లేచి రాలేదు, మెడ సాచి చూశాడు. "మొదట్నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆయన వైపే మాట్లాడేదానివి."

ఆమె ఆ బటన్‌ను పట్టుకుని తేదీలతో వరస కలిసేదాకా జరిపింది. తరవాత దాని కిందిదాన్ని చూసింది. అదీ పక్కకే ఉంది.