రేడియో జిలానీ గారు

బందరులో బట్టల మీద అద్దకం పని చేసే అమానుల్లా గారి రెండో కొడుకు జిలానీ. తండ్రి చేతిలో ఉన్న పనితనం కొడుకు గొంతులోకి దిగిందని పేటలో అనేవారు. బెజవాడ రేడియోలో సాయంత్రం రైతుల కార్యక్రమం చదివేది అతనే. కాపురం గుడివాడలో. రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాడు. వరికి ఏ తెగులు తగిలిందో, కాలవలకి నీళ్లెప్పుడు వదులుతారో, సముద్రంలో వాయుగుండం ఎటు కదులుతోందో దివిసీమ చివరిదాకా ఆ గొంతులోనే వినేవాళ్లు. మనిషిని చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఒకసారి కూచిపూడిలో బస్సు దిగి సోడా అడిగితే, కొట్లో మనిషి తల ఎత్తకుండానే, "మీరు రేడియో జిలానీ గారు కదండీ!" అన్నాడు.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. "వేటకు వెళ్లవద్దు" అన్న హెచ్చరిక చదివింది జిలానీయే. నాగాయలంక అవతల లంకపాలెంలో ఆ మాట విని వేట మానుకున్న కుర్రాళ్లలో వీరాంజనేయులు ఒకడు. పున్నమ్మకి ఒక్కడే కొడుకు. "పడవ గట్టిగా కట్టేసి వస్తానమ్మా" అని రేవుకి వెళ్లాడు. సముద్రమే ఊళ్లోకి వచ్చింది. పున్నమ్మ తాటిచెట్టుని కరిచి పట్టుకుని బతికింది. కొడుకు జాడ లేదు.

నీళ్లు తీశాక జిలానీ టేపు రికార్డరు భుజాన వేసుకుని ఆ బురదలో తిరిగాడు. బతికినవాళ్లు తలో దిక్కునా ఉన్నారు. బళ్లలో కొందరు, గుళ్లలో కొందరు, మసీదులో కొందరు. ఎవరు ఎక్కడున్నారో రెండోవాళ్లకి తెలీదు. "నీ పేరు చెప్పమ్మా. ఎక్కడున్నావో, ఎవరి కోసం చూస్తున్నావో చెప్పు" అని ఒక్కొక్కరి ముందూ మైకు పెట్టేవాడు. సాయంత్రం అవే రేడియోలో వచ్చేవి. అవనిగడ్డలో ఉన్న తల్లి చల్లపల్లిలో ఉన్న కూతురి గొంతు విని చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

పున్నమ్మ మాత్రం మైకు దగ్గర నోరు విప్పలేదు. "నా గొంతు ఎంత దూరం పోద్ది? నువ్వు పిలువు బాబూ. వాడికి నీ గొంతంటే ఇష్టం" అంది.

జిలానీ పిలిచాడు. "లంకపాలెం వీరాంజనేయులూ, మీ అమ్మ నాగాయలంక బళ్లో ఉంది" అని ఆ చలికాలమంతా చెబుతూనే ఉన్నాడు. జవాబు రాలేదు.

ఎన్నికలు వచ్చిపడ్డాయి. అవనిగడ్డ నుంచి తాతారావు అనే పార్టీ పెద్దమనిషి గుడివాడ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మీరు నిలబడితే చాలండీ. ప్రచారం అక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ మీరు ఉండనే ఉన్నారు" అన్నాడు.

ఆయన వెళ్లాక భార్య సఫియా అడిగింది. "రేడియో వదిలి ఉండగలరా?"

"వాళ్లకి ఇళ్లు కావాలి, పడవలు కావాలి, వలలు కావాలి. రేడియోలో పేర్లు చదవగలను గానీ ఇళ్లు కట్టించలేను కదా?"

"నేను అడిగింది అది కాదండీ."

జిలానీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. గెలిచాడు.

అసెంబ్లీలో మొదటిసారి మాట్లాడినప్పుడు ఉప్పెనలో పోయినవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పాలెం పూర్తికాకముందే గంట మోగింది. గౌరవ సభ్యులు ముగించాలి, అన్నారు స్పీకరు. చుట్టూ చూస్తే కొందరు కాగితాలు తిప్పుకుంటున్నారు, కొందరు గుసగుసలాడుకుంటున్నారు. రేడియో గదిలో ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు. అయినా ఎర్రలైటు వెలగగానే నులకమంచం మీద కూర్చుని చెవి ఒగ్గిన ఒక మనిషి అతనికి కనిపించేవాడు. ఆ మనిషి కోసమే చదివేవాడు.

హైదరాబాదులో సాయంత్రం కాగానే ట్రాన్సిస్టరు ముందు పెట్టుకునేవాడు. బెజవాడ స్టేషను సరిగా అందేది కాదు. గరగరల మధ్య ఒక మాట వచ్చేది, పోయేది. "వార్తలు వినండి, హైదరాబాదు బాగా వస్తోందిగా" అనేవాళ్లు పక్క క్వార్టర్సు వాళ్లు. అతను ముల్లు తిప్పుతూనే ఉండేవాడు.

పని మాత్రం ఆపలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి లంకపాలానికి ఇళ్లు శాంక్షను చేయించాడు. పడవలు ఇప్పించాడు. పున్నమ్మ వాటా ఇల్లు కూడా లేచింది. అయినా ఆమె అవనిగడ్డ ట్రావెలర్స్ బంగళాకి వెతుక్కుంటూ వచ్చింది.

"వాడి పేరు చెప్పడం మానేశావేం బాబూ?"

"నేనిప్పుడు రేడియోలో లేను పున్నమ్మా."

"ఎమ్మెల్యే అంటే రేడియోకన్నా పెద్దదంటగా?"

ఆ మాటకి అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మర్నాడే బెజవాడ వెళ్లాడు. పాత స్నేహితుడు వెంకటపతి టీ తెప్పించాడు. "పేరు నేను చదువుతాను బావా. నువ్వు రాజకీయాల్లోకి వెళ్లావు, నిన్ను మైకు ముందు కూర్చోబెట్టకూడదు. నీకు తెలియని రూలు కాదు" అన్నాడు. రేడియో గది అద్దం ఇవతల నిలబడి జిలానీ విన్నాడు. వెంకటపతి బాగానే చదివాడు. తన చెయ్యి అద్దం మీద ఆనించి ఉన్న సంగతి, ఎర్రలైటు ఆరిపోయాకగానీ జిలానీకి తెలియలేదు.

డెబ్బై తొమ్మిది మే నెలలో మళ్లీ గాలివాన హెచ్చరిక వచ్చింది. జిలానీ జీపులో నాగాయలంక చేరేసరికి మధ్యాహ్నమే చీకటి కమ్మింది. దండోరా వేశారు. "తీరప్రాంత ప్రజలు సురక్షిత ప్రాంతాలకు తరలవలెను" అని జీపు మైకులో ఊదరగొట్టారు. లంకపాలెంలో ఎవరూ కదల్లేదు. కొత్త ఇళ్లు, కొత్త వలలు వదిలి ఎలా వస్తారు?

జిలానీ ఆ మైకు తీసుకున్నాడు. గొంతు పెంచలేదు. రైతుల కార్యక్రమంలో మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఎల్లమ్మా, పిల్లలకి జ్వరం తగ్గిందా? దుప్పటి కప్పి తీసుకురా. సుబ్బయ్య మావయ్యా, వల నేను ఇప్పిస్తాను, నువ్వు ముందు బయటికి రా."

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత రెండోది. పేరు పిలిచినవాళ్లు వచ్చారు, పిలవనివాళ్లూ వచ్చారు. జీపు వెనక తెచ్చిన లారీ నిండింది.

పున్నమ్మ రాలేదు. గుమ్మంలో కూర్చుంది. "వాడొచ్చి చూస్తే ఇల్లు ఖాళీగా ఉంటది బాబూ. నువ్వెళ్లు" అంది.

గాలి ఇసకని మొహాన కొడుతోంది. డ్రైవరు హారను మోగిస్తున్నాడు. జిలానీ ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఏం చెప్పినా ఆమె తల అడ్డంగానే ఊపింది. చివరికి లేచి జీపు దగ్గరికి వెళ్లి, మైకు గొట్టాన్ని సముద్రం వైపు తిప్పించాడు.

"లంకపాలెం వీరాంజనేయులూ! మీ అమ్మ ఇంట్లో లేదు. నాగాయలంక బడికి వెళ్తోంది. నువ్వు కూడా అక్కడికే రా నాయనా."

రెండోసారి అనబోయి, మాట సగంలోనే మైకు దించేశాడు. ఇన్నేళ్లలో మైకు ముందు అతనికి ఎప్పుడూ అలా జరగలేదు.

పున్నమ్మ కొంగు బిగించుకుని లేచింది. తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టకుండా వచ్చి జీపెక్కింది.

గాలివాన దక్షిణంగా వెళ్లి తీరం దాటింది. లంకపాలెంలో కప్పులు ఎగిరాయి, మనుషులు మిగిలారు. బళ్లో ఉన్నంతసేపూ పున్నమ్మ రోడ్డు వైపే చూసింది.

"వస్తాడంటావా?" అంది జిలానీతో.

"తెలీదు పున్నమ్మా."

"రాడని నాకూ తెలుసులే. పిలుస్తుంటే ఉన్నట్టుంటది, అంతే" అని, ఎవరో ఇచ్చిన పులిహోర పొట్లంలో సగం అతని చేతిలో పెట్టింది.

గుడివాడ చేరాక జిలానీ ఇవన్నీ సఫియాకి చెప్పాడు. ఆమె విని, "మళ్లీ రేడియోలోకి రానివ్వరా?" అంది.

"రానివ్వరు."

"పోనీ, ఇంట్లో మాట్లాడండి. నేను వింటాను."

అతను లంకపాలెంలో లారీ ఎక్కినవాళ్ల సంగతి ఒక్కొక్కరి పేరుతోనూ మొదలుపెట్టాడు. సఫియా పొయ్యి మీద పాలు దించి, వచ్చి ఎదురుగా కూర్చుంది.