ఒడ్డు నీళ్ళు

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. తూర్పు తెల్లబారుతూనే ఎండ మొహాన కొట్టింది. నావ దిగి ఇసకలో నడుస్తున్న ఇమ్మానియేలు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ వంచుకున్నాడు. నాలుగు చినుకులు పడి ఉంటే ఆ రోజు వాళ్ళు ఒడ్డుకి వచ్చేవాళ్ళే కాదు.

వెనక పందొమ్మిదిమంది ఉన్నారు, ఖాళీ బిందెలతో.

వాళ్ళుండేది దిబ్బ మీద. ఆరేళ్ళ కిందటి పెద్ద తుఫాను, ఏరు సముద్రంలో కలిసే మొగకి అవతల, సముద్రంలో పోసిపోయిన ఇసకదిబ్బ అది. ఏ కరణం లెక్కలోనూ లేదు, ఏ ఆసామి పట్టాలోనూ లేదు. "మనల్ని కొట్టేవాడు లేని చోటు ఒకటుంది, రండి" అని పల్లెలో పన్నెండిళ్ళవాళ్ళని ఇమ్మానియేలే వెంటబెట్టుకుపోయాడు. అక్కడ ఆసామి లేడు, కూలి లేదు. పట్టిన చేపలన్నీ ఒకే కుప్ప. అందరికీ ఒకటే పొయ్యి, ఒకటే గుండిగ. ఏ సంగతైనా గుండ్రంగా కూర్చుని చెయ్యెత్తి తేల్చుకునేవాళ్ళు. ఏడాదిన్నర అట్లా ఏలుకున్నారు. ఈ ఎండలకి చెలమల్లో నీళ్ళు ఉప్పెక్కాయి.

ఒడ్డున ఉన్న మంచినీళ్ళ బోరు ఒక్కటే. అది మిరప ఆసామి వెంకటనారాయణది. "నా మిరప కొయ్యండి. మనిషికి రెండు బిందెలు పట్టుకెళ్ళండి" అన్నాడాయన. దిబ్బ మీద చేతులు లేచాయి. అన్నీ లేచాయి.

చేను దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద పల్లె కూలీలు ఎనభైమంది కూర్చుని ఉన్నారు. కూలి పెంచమని నాలుగోరోజు సమ్మె. పండు చెట్టునే ఎండి రంగు తిరుగుతోంది. పండిన మిరప ఎవరికోసమూ ఆగదు. కూలివాడి చేతికి ఏడాది మొత్తం మీద బలం వచ్చే వారం అదొక్కటే. ఇంకో రెండురోజులు ఎవరూ చెయ్యి వెయ్యకపోతే ఆసామి దిగొచ్చేవాడు.

ముందు లేచింది కూలీల సంఘం పెద్ద జక్రయ్య. ఇమ్మానియేలుకి సొంత అన్న.

"ఏరా ఇమ్మానేలూ, సముద్రంలో రాజ్యం ఏలుతున్నావంటగా! మీ రాజ్యంలో కూడు చాల్లేదా, మా నోటికాడది లాక్కోటానికొచ్చావు?"

"నీళ్ళు లేవన్నా. పిల్లలు ఉప్పునీళ్ళు తాగి కక్కుతున్నారు."

"మాకు చెప్పాల్సింది కదరా. అందరం కలిసి ఆ బోరు కాడికే పోయేవాళ్ళం."

ఇమ్మానియేలుకి ఆ ఆలోచనే తట్టలేదు. జక్రయ్య భార్య కొండమ్మ మూతి తిప్పింది. చిన్నప్పుడు అతనికి అన్నం పెట్టి పెంచింది ఆమే.

"ఎందుకు చెబుతాడులే. రాజులు కూలోళ్ళని సాయం అడుగుతారా?"

గట్టు మీద కొందరు నవ్వారు. దిబ్బవాళ్ళు తలలు వంచుకుని సాళ్ళలోకి దిగారు.

జక్రయ్య వచ్చి ఇమ్మానియేలు గంప పట్టుకుని ఆపాడు. అంతే, ఆసామి పిలిపించి ఉంచిన పోలీసు జీపు వచ్చింది. ఇద్దరు జవాన్లు జక్రయ్యని మిరపచెట్ల మీదుగా ఈడ్చుకుపోయారు. జీపుని పట్టుకున్న కొండమ్మ మణికట్టు మీద లాఠీ పడింది. ఇమ్మానియేలు పిడికిట్లో కాయలతో నిలబడే ఉన్నాడు. కళ్ళు నిండాయి. మిరప కోసిన చెయ్యి కంటికి తగలకూడదు. తుడుచుకోలేకపోయాడు.

"చూసింది చాలు. నీళ్ళు కావాలా, వద్దా?" అన్నాడు వెంకటనారాయణ గట్టు మీద నుంచి.

మధ్యాహ్నం దాకా కోశారు.

పొద్దు వాలకముందే దిబ్బ మీద మీటింగు పడింది. నలభై బిందెలు మధ్యలో ఉన్నాయి. ఎవరూ మూత తియ్యలేదు.

"తప్పు నాది. సమ్మె సంగతి ఆసామి గుమాస్తా నాకు ముందే చెప్పాడు. చేతులెత్తమన్నప్పుడు మీకు చెప్పలా. చెబితే ఎత్తరని" అన్నాడు ఇమ్మానియేలు.

ముసలి లాల్‌బీ చుట్ట పక్కన పెట్టింది. "నువ్వు చెప్పకపోతే మాకు తెలవదా అబ్బాయ్? మూడురోజులుగా అవతల పొలాల్లో కేక లేదు, పాట లేదు. కోతలప్పుడు చేను అట్టా ఉండిద్దా? నేను గమనించా. అందరూ గమనించారు. అడిగితే నీళ్ళు పోతాయని నోళ్ళు మూసుకున్నాం."

నావ నడిపే గౌస్ బాషా లేచాడు. "ఇంకా లోపలికి పోదాం. అక్కడింకో దిబ్బ ఉంది. డ్రమ్ములు పెట్టి వాననీళ్ళు పడదాం. ఎవడి మొహమూ చూడక్కర్లా."

"డ్రమ్ముకి ఒడ్డుకే పోవాల. వలకి ఒడ్డుకే, అగ్గిపెట్టెకీ ఒడ్డుకే. ఒడ్డున వెంకటనారాయణ ఉన్నంతకాలం ఈ దిబ్బా ఆయనదే బాషా. పట్టా లేదు, అంతే" అన్నాడు ఇమ్మానియేలు.

"అయితే ఇన్నాళ్ళూ మనం చేసిందంతా అబద్ధమేనా?" అన్నాడు బాషా.

"ఒక్క పొయ్యి మీద వండుకోవటం అబద్ధం కాదురా" అంది లాల్‌బీ. "దాన్ని పెట్టిన చోటు తప్పు. కొట్టేవాడి ఎదురుగా పెట్టాల్సింది."

ఈసారి చేతులు ఒక్కసారిగా లేవలేదు. ఆలోచించుకుని ఒక్కొక్కటే లేచాయి. బాషాది ఆఖర్న లేచింది.

తెల్లారి పన్నెండిళ్ళవాళ్ళూ పిల్లాజెల్లాతో ఒడ్డుకొచ్చారు. నలభై బిందెలు నెత్తిన పెట్టుకుని, గుండిగ మోసుకుని వచ్చి గట్టు మీద సమ్మె కూలీల పక్కన కూర్చున్నారు. సాళ్ళలోకి ఎవరూ దిగలేదు.

వెంకటనారాయణ వచ్చాడు. "రేపు నీళ్ళకి ఎవడి కాళ్ళు పట్టుకుంటార్రా?"

"నీ బోరుకే వస్తామయ్యా" అంది లాల్‌బీ. "బిందెలు పట్టుకునే వస్తాం. కాకపోతే ఊరంతా వస్తాం. జక్రయ్యని వదిలిందాకా నీ చేలో కాయ తెగదు."

గట్టు మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళని చివరి నుంచి చివరి దాకా చూసి వెనక్కి తిరిగాడు.

ఇమ్మానియేలు తన బిందె తెచ్చి కొండమ్మ ముందు దించాడు. ఆమె మణికట్టు బాగా వాచి ఉంది.

"వదినా, ఇవి నిన్నటి నీళ్ళు. పారబొయ్యమంటే పారబోస్తా."

కొండమ్మ బిందె వంక చూసింది.

"నీళ్ళేం చేశాయిరా" అని, మంచి చేత్తో బిందె వంచి గుండిగలో పోసింది.

అన్నం ఉడికింది. విస్తర్లు లేవు, దొరికిన ఆకులే పరుచుకున్నారు. వేడివేడి అన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి. ఇమ్మానియేలుకి నిన్న కోసిన చెయ్యి ఇంకా మండుతోంది. అన్నంలో పెడితే మరీ మండింది. చల్లారనివ్వకుండానే కలిపాడు. కొండమ్మ తన ఆకు తెచ్చుకుని అతనికెదురుగా కూర్చుంది. గట్టు పొడుగునా అందరూ తింటున్నారు. ఎదురుగా చేను నిండా పండు ఎర్రగా వేలాడుతూ ఉంది.