గంజి పెట్టిన మడుగులు

“కుక్కర్లో వండితే గంజి ఎక్కణ్ణించి వస్తుందే?”

దుర్గాంబ వార్పు గిన్నెను కోడలి ముందు బోర్లించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు. స్టవ్వు మీద కుక్కరు ఇంకో కూత కూసి ఊరుకుంది.

“అన్నం తినడానికి వండాను అత్తయ్యా, బట్టలకి పట్టించడానికి కాదు,” అంది జ్యోతిలక్ష్మి, పోపు గింజలు వెతుక్కుంటూ.

“రాత్రి చెప్పానా లేదా, పొద్దున వార్చమని?”

“చెప్పారు. మర్చిపోయా. కొట్లో పౌడరు ప్యాకెట్టు దొరుకుద్ది, నీళ్ళలో కలిపితే చాలు.”

“ప్యాకెట్టు గంజి పెట్టిన బట్ట మీద కాలేస్తే పొడి రాలుద్ది. పెళ్ళికొడుకు పాదాలకి పిండి అంటుకుంటే పెద్దమ్మగారు ఊరుకుంటారా?”

“అంటుకుంటే ఏమవుద్ది? కాళ్ళతో అప్పడాలు వత్తుతాడా ఏంటి?”

యశ్వంత్‌కి నవ్వొచ్చింది. తల్లి మొహం చూసి మింగేసి, వ్యాను తాళాలు అందుకుని బయటపడ్డాడు. రేపల్లెలో రైసుమిల్లు వాళ్ళ వ్యాను నడుపుతాడు. ఇంట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు అతనికి ఎప్పుడూ ఆలస్యమైపోతూ ఉంటుంది.

దుర్గాంబ రెండో పొయ్యి వెలిగించింది. వేరే గిన్నెలో బియ్యం కడిగి పోసి, ఎసరు ఎక్కువ పెట్టి, ఉడికాక మూతకు గుడ్డ చుట్టి వార్చింది. చిక్కటి గంజి జారుతున్నంతసేపూ ఆమె కళ్ళు దాని మీదే ఉన్నాయి. సబ్బు నీళ్ళకు వేళ్ళ కొసలు ఎప్పుడో నున్నబడిపోయాయి. కుడిచేతి బొటనవేలి మొదట్లో ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, గోధుమగింజంత, నల్లగా ఉంది. తెల్లటి పొడవాటి బట్టలు ఒక్కొక్కటే గంజిలో ముంచి, పిండి, తడి ఆరకముందే భుజాన వేసుకుని తన ఇస్త్రీబండి దగ్గరికి నడిచింది.

ఆ బట్టలే మడుగులు. పెద్దింటి పెళ్ళిలో మగపెళ్ళివారు బండి దిగిన చోటు నుంచి పందిరి దాకా వాళ్ళ పాదం నేలకు తగలకూడదు. ఆ ఇంటి చాకలి ముందు నడుస్తూ మడుగులు పరవాలి. వాళ్ళు దాటిన బట్టను వెనక నుంచి తీసి, పక్కగా పరుగెత్తుకొచ్చి, మళ్ళీ ముందు పరవాలి. అంతసేపూ వంగిన నడుము ఎత్తకూడదు. ఎత్తితే వచ్చేవాళ్ళ మొహంలోకి చూసినట్టవుతుంది. దుర్గాంబ కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అత్త ఇదంతా నేర్పింది. “మనం పరవందే ఆ ఇంటికి ఏ అల్లుడూ గడప దాటి రాడే. ఎంత గొప్పోడైనా మన బట్ట కోసం ఆగాల్సిందే,” అనేది గర్వంగా. దుర్గాంబ ఆ మాటను అలాగే దాచుకుంది.

వాళ్ళ పెద్దింటి సొంతూరు సంగం జాగర్లమూడి. పొలాలు కౌలుకిచ్చి తెనాలిలో మేడ కట్టుకున్నారు. మేడ ప్రహరీగోడ వారన, పై అంతస్తు నీడ పడేచోట దుర్గాంబ ఇస్త్రీబండి ఉంటుంది. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చినవాళ్ళు బండి తీసెయ్యమన్నప్పుడు, పెద్దావిడ వీరరాఘవమ్మ పైనుంచి ఒక్క ఫోను చేసింది. “అది మా మనిషిదయ్యా,” అంది. మళ్ళీ ఎవరూ అడగలేదు. మడుగు ఉన్నన్నాళ్ళే ఆ నీడ అని ఆవిడా అనలేదు, ఈమే అనలేదు. ఇద్దరికీ తెలుసు.

ఇస్త్రీపెట్టె కింద తడి బట్ట చుయ్యిమంది. గంజి కాలిన తియ్యటి వాసన లేచింది. జ్యోతిలక్ష్మి టిఫిన్ డబ్బా తెచ్చి బండి మీద పెట్టింది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ దగ్గర కూర్చుంటుంది. ఇవాళ సెలవు పెట్టింది, అత్త బతిమాలితే.

“నా మోకాళ్ళు ఇంక వంగవే,” అంది దుర్గాంబ. “ఒక్కసారి నా పక్కనుండి చూస్తే నీకొచ్చేస్తుంది. నా తర్వాత నువ్వున్నావని పెద్దమ్మగారికి తెలిస్తే, మన బండి జోలికి ఎవరూ రారు.”

“టీవీలో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేటప్పుడు ఏమంటారో విన్నారా? అడుగులకు మడుగులొత్తుతున్నాడూ అని. మడుగులంటే ఇవేనని నాకు ఈ ఇంటికొచ్చాకే తెలిసింది.”

“తిట్టేవాళ్ళు తిడతారు. మడుగు లేకుండా పెళ్ళి చేస్తారా?”

“అందరూ చేస్తున్నారు.”

దుర్గాంబ బట్టను తిరగేసి అంచు మీద పెట్టె నొక్కింది.

వీరరాఘవమ్మ మనవరాలి పెళ్ళి బాపట్లలో, సముద్రానికి వెళ్ళే దారిలో ఉన్న ఫంక్షన్ హాల్లో. మధ్యాహ్నం ముహూర్తం. రైలు దిగి ఆటోలో వెళ్ళేసరికి గేటు స్థానంలో కోట కనిపించింది. థర్మోకోల్ బురుజులు, వాటి మీద పిచికారీ చేసిన రాతి రంగు. లోపల సింహాసనాలు. దారికి అటూ ఇటూ తలపాగాలు, బల్లేలు, అతికించిన మీసాలతో కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకతని మీసం చెమటకు ఒక పక్క ఊడి, పెదవి మీద వేలాడుతోంది.

చెవికి మైకు తగిలించుకున్న అమ్మాయి ఎదురొచ్చింది. ఈ ఏర్పాట్లన్నీ చూస్తున్న బిందుమాధవి ఆ పిల్లే.

“ఆంటీ, మీరు ఏ బ్యాచ్? దాసీలు అటు గదిలో రెడీ అవుతున్నారు. మీ కాస్ట్యూమ్ ఇవ్వలేదా ఇంకా?”

దుర్గాంబకు అర్థం కాలేదు. చంకలో మూట సర్దుకుని నిలబడింది.

“ఆవిడది వేషం కాదమ్మా!” వెనక నుంచి వీరరాఘవమ్మ గొంతు. పట్టుచీరలో, కర్ర ఊతంతో, నవ్వుతూ వచ్చింది. “మా చాకలే. తాతల నాటి నించీ మా ఇంటిది. మీ వాళ్ళలాగా అద్దెకి తెచ్చింది కాదు, ఒరిజినల్.”

“అవునాండీ? సూపరండి!” బిందుమాధవి కళ్ళు పెద్దవయ్యాయి. వీడియో అతన్ని కేకేసింది. “ఇది క్లోజప్ తియ్యన్నా. రాజుల కాలం థీమ్‌కి కరెక్ట్‌గా సరిపోయింది.”

బల్లెం పట్టుకున్న కుర్రాడు ఊడిన మీసాన్ని వేలితో అదుముకుంటూ దుర్గాంబ కేసి చూశాడు. భోజనాలయ్యాక ఆ కుర్రాడు తలపాగా తీసేస్తాడు, మీసం పీకేస్తాడు, ప్యాంటు తొడుక్కుని సైకిలో బండో ఎక్కి పోతాడు. దుర్గాంబ తన చీరకొంగు ఒకసారి తడిమి చూసుకుంది.

“ఈ పిల్లెవరే?” వీరరాఘవమ్మ అడిగింది.

“కోడలండి అమ్మగారూ. నా తర్వాత మీ పని...”

“చదువుకుందన్నావు?”

“డిగ్రీ అండి.”

“ఇంకేం! మంచిదే.” ఆవిడ మూటలోంచి ఒక బట్ట లాగి జ్యోతిలక్ష్మి చేతుల్లో పెట్టింది. “ఈసారి మడుగులు నువ్వే పరుచు. అది వెనకనించి అందిస్తుంది.”

చూసి నేర్చుకుంటే చాలనుకున్నది దుర్గాంబ. ఈ మాట ఆమె ఊహించలేదు. నోరు తెరిచేలోగానే బయట బాజా మొదలైంది.

కారు దిగేచోటి నుంచి మండపం దాకా అప్పటికే ఎర్ర తివాచీ పరిచి ఉంది. జ్యోతిలక్ష్మి ఆగి చూసింది.

“దాని మీదే వేసెయ్యండక్కా,” అంది బిందుమాధవి. “తివాచీ అద్దెది. పెళ్ళివాళ్ళంతా ఇప్పుడే బీచ్ నించి వస్తున్నారంట, బూట్లకి తడి ఇసక. మీ బట్టలుంటే తివాచీ పాడవదు. మంచి పనైంది.”

దుర్గాంబ చేతిలోని మడుగు బరువెక్కినట్టయింది. పొద్దుట వార్చిన గంజి, నిప్పుల మీద ఆరిన అంచులు, ముడత పడకుండా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మూట. ఇదంతా తివాచీ మాయకుండా ఉండడానికి.

మగపెళ్ళివారు, పిట్టలవానిపాలెం వాళ్ళు, కార్లు దిగారు. ముందు పెళ్ళికొడుకు అభినవ్, కిరీటం లాంటి తలపాగాతో. పక్కన అతని పెదనాన్న పూర్ణచంద్రరావు, చెవి దగ్గర ఫోను. జ్యోతిలక్ష్మి వంగి మొదటి బట్ట విదిలించి పరిచింది. గంజి పట్టు బాగా కుదిరింది, బట్ట పలకలా పడింది. పూర్ణచంద్రరావు దాని మీదకొచ్చి ఆగాడు. బూటు అంచును ఇటు ఒకసారి, అటు ఒకసారి గట్టిగా రాశాడు. తడి ఇసక, దానితోపాటు దారిలో తొక్కినదేదో పసుపుపచ్చగా, తెల్లబట్ట మీద సాగింది. రెండో బూటూ అలాగే తుడిచాడు. వెనకున్నవాళ్ళు కూడా వచ్చి వచ్చి అక్కడే తుడుచుకున్నారు.

దుర్గాంబ ఆ బట్ట తీసి చేత్తో విదిలించింది. వాసన ముక్కుకు తగిలింది. అదే బట్ట మళ్ళీ ముందుకు అందించాలి. అందించింది. దాన్ని కోడలు రెండు చేతులతో అందుకుని, అరచేతులతో చదును చేసి, వంగే వెనక్కి నడిచింది.

“వంగమ్మా ఇంకాస్త, నడుమేం అరిగిపోదు!” వీరరాఘవమ్మ మండపం మెట్ల మీంచి హుషారుగా అరిచింది. పక్కనున్న మగపెళ్ళివారి పెద్దావిడతో అంటోంది: “మాకింకా ఇవన్నీ ఉన్నాయి వదినగారూ. మీకున్నారా?”

“ఎక్కడమ్మా! మావాళ్ళంతా హైదరాబాదు పోయారు. పిలిస్తే పలికే దిక్కు లేదు.”

“వీళ్ళ కోడల్ని కూడా దింపాం ఇవాళ. డిగ్రీ చదివిన పిల్ల.”

ఆ పెద్దావిడ ముందుకు వంగి జ్యోతిలక్ష్మిని పరీక్షగా చూసింది. సంతలో పాడిగేదె పళ్ళు చూసే చూపు అది.

వీడియో అతను చెయ్యెత్తాడు. “సార్, అందరూ కొంచెం వెనక్కెళ్ళి మళ్ళీ రండి. బట్ట పరిచేది సరిగా పడలేదు. అక్కా, తల ఎత్తొద్దు, అలాగే ఉండండి.”

జ్యోతిలక్ష్మి అలాగే ఉండిపోయింది. ఆమె జడ భుజం మీంచి జారి మడుగు మీద పడింది. పూర్ణచంద్రరావు వెనక్కి తిరుగుతూ ఫోన్లో ఎవరితోనో ధాన్యం తేమ గురించి మాట్లాడుతున్నాడు. బూటు మడమ జడ కొస మీద పడింది. అతను ఆగాడు. మాట్లాడుతూనే ఉన్నాడు.

జ్యోతిలక్ష్మి తల కదల్చలేకపోయింది. మెడ ఒక పక్కకు లాగినట్టు ఉంది. చెయ్యి పెట్టి లాక్కోలేదు. వంగి, అతను మాట ముగించేదాకా ఎదురుచూస్తోంది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకు ఆ ఓపిక ఎలా వచ్చిందో దుర్గాంబకు తెలుసు. పొద్దుట నుంచీ తను నేర్పుతున్నది అదే.

“అయ్యా,” అంది. “జడండి.”

అతను వినలేదు.

“అయ్యా!” నడుము ఎత్తి, అతని మొహంలోకి చూసి అంది. “కాలు తియ్యండి.”

పూర్ణచంద్రరావు కిందికి చూశాడు. ముందు బూటు చూసుకున్నాడు. “ఓ,” అని కాలు పక్కకు జరిపి, “ఆఁ, పదిహేడు శాతం కంటే తేమ ఉంటే మనం తీసుకోం,” అన్నాడు ఫోన్లో.

వీడియో అతనికి రెండోసారి బాగా వచ్చింది.

తాళి కట్టే వేళకు అందరూ మండపం ఎక్కారు. దుర్గాంబ మడుగులన్నీ ఏరి మూట కట్టింది. ఆచారం ప్రకారం వాటిని ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, గంజి పెట్టి, దాచాలి. వీరరాఘవమ్మ ఇచ్చే చీర కోసం ఆగాలి. అందరి భోజనాలయ్యాక వెనక వరండాలో తినాలి. ఆమె మూటను మెట్ల పక్కన, చెప్పులు విడిచిన చోట పెట్టింది. కాసేపు దాని కేసి చూసి, మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

“పద.”

“మూట అత్తయ్యా!”

“ఉండనీ.”

లోపల అక్షింతలు పడుతున్నాయి. వాళ్ళు కోటగేటు దాటడం ఎవరూ చూడలేదు.

తెనాలి రైల్లో జ్యోతిలక్ష్మి కిటికీ కేసి కూర్చుంది. దుర్గాంబ ఆమె జడ కొస చేతిలోకి తీసుకుని, రిబ్బను విప్పి, పాయల్లో ఇరుక్కున్న ఇసక వేళ్ళతో దులిపింది. ఇసక ఒళ్ళో రాలింది.

పొద్దు గుంకేసరికి ఇంట్లో వంట అయింది. జ్యోతిలక్ష్మి అత్తకు కుక్కరన్నం సయించదని గిన్నెలోనే వండి వార్చింది. యశ్వంత్ స్నానం చేసి వచ్చి పీట వేసుకున్నాడు. గట్టు మీద గంజి గిన్నె ఆవిర్లు కక్కుతోంది. ఆ వాసన తగలగానే దుర్గాంబ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. లేచి గంజి తీసుకెళ్ళి తూములో పారబోసి, గిన్నె కడిగి, వచ్చి కంచం ముందు కూర్చుంది.

దుర్గాంబ ఫోను మోగింది. పెద్దమ్మగారి ఇంటి నంబరు. మోగి మోగి ఆగిపోయింది.

“ఏంటమ్మా, ఎత్తవేం?” అన్నాడు యశ్వంత్. “మూట కూడా కనబడ్డంలేదు?”

దుర్గాంబ పప్పు కలుపుకుంది. “రేపణ్ణించి అన్నం కుక్కర్లోనే పెట్టవే జ్యోతీ,” అంది.

“మీకు సయించదుగా?”

“సయిస్తుంది. ఇంక ఈ ఇంట్లో గంజి అక్కర్లేదు.” ఒక ముద్ద మింగి కొడుకు కేసి తిరిగింది. “పొద్దున్నే వ్యాను తీసుకురారా. బండి ఆ గోడ కింద నించి తీసేద్దాం. రైలుగేటు దగ్గర ఎండగా ఉంటే ఉండనీ, గొడుగు పాతుకుంటాను.”

యశ్వంత్ భార్య కేసి చూశాడు. జ్యోతిలక్ష్మి తల వంచుకుని అత్త కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.

బాపట్లలో బురుజులు విప్పి లారీకి ఎక్కిస్తున్నారు. మెట్ల పక్కన తెల్లటి మూట ఒకటి మిగిలిపోయింది. దాని పై మడత మీద బూటు అడుగు పచ్చగా ఎండి, గంజి పట్టుకు చెక్కు చెదరకుండా ఉంది.