మేక తిరిగొచ్చిందని చెప్పిన నాన్న

ఫిల్మ్ నగర్‌లో కథ చెప్పడంలో మల్లికార్జున్‌కు సాటి లేరని పేరు. రాసేవాళ్లు వేరే ఉంటారు. హీరోల ముందు కూర్చుని రెండు గంటలపాటు కదలనివ్వకుండా చెప్పి, ఒప్పించి రావడం ఇతని పని. జూబ్లీ హిల్స్‌లో అతను ఎక్కిన మేడల్లో కాగితం తిప్పిన మహానుభావుడు ఒక్కడూ కనబడలేదు. చెబితే వింటారు, అంతే. ఇరవయ్యేళ్లు వాళ్ల మధ్య తిరిగి విసిగిపోయి, తన కూతురైనా పుస్తకాలు చదవాలని పట్టుబట్టాడు. ఏడో తరగతి మైత్రేయి మాత్రం పాఠ్యపుస్తకం తప్ప ఒక్కటీ చివరిదాకా చదివిన పాపాన పోలేదు.

కొత్త పుస్తకం చేతికిచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు.

"నువ్వు చెప్పు నాన్నా. నువ్వు చెబితేనే బావుంటుంది."

"పది పేజీలు చదవవే తల్లీ! తర్వాత నువ్వే వదలవు."

"ఏముందో కొంచెం చెప్పు, అప్పుడు చదువుతా."

ఆ కొంచెం దగ్గరే బోల్తా పడేవాడు. పిల్లకి ఆశ పుట్టిద్దామని మొదలుపెట్టేవాడు, ఇక నోరు ఆగితేగా! గొంతులు మార్చి, సోఫా ఎక్కి, క్లైమాక్స్‌లో కళ్లనీళ్లు పెట్టుకుని మరీ ముగించేవాడు. పిల్ల చప్పట్లు కొట్టి పుస్తకాన్ని అలమారులో పెట్టేసేది.

"మీరే ముద్దలు కలిపి నోట్లో పెట్టి, పిల్ల చేత్తో తినదంటారేంటండీ?" అనేది భార్య పుష్పవల్లి. అతనికి ఒళ్లు మండేది. ఆవిడ మీద కాదు, తన నోటి మీద.

మొన్న జులైలో ఒక నవల తెచ్చాడు. అందులో ఒక పిల్ల మేకను పెంచుకుంటుంది, చివర్లో పెద్దవాళ్లు దాన్ని సంతలో అమ్మేస్తారు. అదీ చెప్పేశాడు. కాకపోతే ఏడుపు ముగింపు వింటే హీరోలు లేచిపోతారన్న భయం ఎముకల్లో ఇంకిపోయిన మనిషి కదా, మేక చేత తాడు తెంపించి, వానలో పరుగెత్తించి, తెచ్చి పిల్ల ఒళ్లో పడేశాడు.

వారం తర్వాత మైత్రేయి బడి నుంచి వస్తూనే బ్యాగు విసిరికొట్టింది. క్లాసులో నచ్చిన పుస్తకం గురించి చెప్పమంటే మేక కథ చెప్పిందట, అచ్చం నాన్నలాగే గొంతులు మార్చి. అందరూ నోరు వెళ్లబెట్టి విన్నారట. చివర్లో నిహారిక అనే పిల్ల లేచి, మేక తిరిగి రాదు కదా అందట. టీచర్ లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించి ఆఖరి పేజీ పైకి చదివింది. క్లాసంతా ఒకటే నవ్వు.

"చదవకుండానే చదివానన్నానని అందరూ నన్ను అబద్ధాలకోరు అన్నారు. ఎందుకు మార్చావు?"

"నువ్వు ఏడుస్తావని, అమ్మలూ..."

"ఏడిస్తే ఏం? రాలేదంటే రాలేదనే చెప్పాలిగా! మిగతావి కూడా మార్చావా?"

ఎన్ని మార్చాడో మల్లికార్జున్‌కే గుర్తులేదు. మైత్రేయి అలమారు తెరిచి చంకనిండా పుస్తకాలు దించుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఆదివారానికి మేక నవల అయిపోయింది. పిల్ల కళ్లు ఏడ్చి ఉబ్బాయి, అయినా రెండోది తెరిచింది. మల్లికార్జున్‌కు ఆనందం పట్టలేదు. ఇన్నేళ్లుగా కోరుకున్నది కళ్లెదుట జరుగుతుంటే ఊరుకోవచ్చుగా! వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు.

"ఇందులో ఒక ముసలి పడవవాడు వస్తాడు చూడు, ఆ సీను..."

మైత్రేయి తలెత్తలేదు. "నాన్నా, నువ్వు చెప్పకు."

ఎంతమంది హీరోలు కథ మధ్యలో లేపి పంపినా ఇంతలా గుచ్చుకోలేదు. లేచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఎలా ఉందే?" అన్నాడు తలుపు బయటి నుంచే.

"పూర్తయ్యాక చెప్తాలే," అంది లోపల్నుంచి. "ఉన్నది ఉన్నట్టు."