ఒక్క కార్బన్ తేడా

సెంటు కాదిది, పండు తీపి కింద ఘాటుగా ఇంకేదో ఉంది, రత్నావతి కూతురి యూనిఫారాన్ని మళ్లీ ముక్కుకు ఆనించుకుంది, బాత్రూంలో నీళ్ల చప్పుడు, ఇల్లు చేరగానే మోహనప్రియ స్నానానికి ఎందుకు పరుగెత్తింది, రోజూ ముందు అన్నం అడిగేది కదా, ఈ ఘాటు తనకు తెలుసు, హుటాన్ మెలింటాంగ్ పడవల రేవు నుంచి మొగుడు వీరాస్వామి తిరిగొచ్చినప్పుడు చొక్కాకు చేపల నీచును మించి కొట్టేది, దొంగచాటుగా కాచిన సంసు సారా, చివరికో పొద్దున లైటెందుకు ఆర్పేసినావే అన్నాడు, కిటికీ నిండా ఎండ, సాయంత్రం ఆస్పత్రిలో పోయాడు, పిల్లకు మాత్రం నాన్న గుండె ఆగిపోయిందని చెప్పింది, ఆ రక్తం ఎక్కడికి పోతుంది, బస్సులో పక్కన కూర్చునే ఆ కుర్రాడు లోగేశ్వరనే అలవాటు చేశాడేమో, ట్యూషనంటూ తెలుక్ ఇంటాన్‌లో ఏం వెలగబెడుతున్నారో.

తడి జుట్టుతో బయటికొచ్చింది, ఏటే ఈ వాసన, ఎవురిచ్చినారు, తాగినావా, తాగడమేటమ్మా, లాబ్‌లో ఎస్టర్ సేసినాము లా, మాట చివర ఆ మలయ్ లా ఒకటి, ఆల్కహాలూ యాసిడూ కలిపి వేడిసేస్తే పండు వాసనొస్తాది, ఆల్కహాలు కొంచెం ఒలికింది, ఎంత తేలిగ్గా అంటోంది ఆ మాట, బడిలో పిల్లలకు సారా ఇస్తారా ఎక్కడైనా, ఏదీ ఊదు, ఊదింది, టూత్‌పేస్టు వాసన, అదీ అనుమానమే, ఈ వేళప్పుడు పళ్లెందుకు తోముకుంది.

మోహనప్రియ విసుక్కోలేదు, తడి వేలితో బల్ల మీద గీసింది, ఇది కార్బన్, దీనికి నాలుగు సేతులమ్మా, మూడింటిని హైడ్రోజన్లు పట్టుకుంటాయి, నాలుగోదాన్ని ఓ-హెచ్, అదుంటేనే ఆల్కహాలు, రెండు కార్బన్లుంటే ఎథనాల్, మాకు ఒలికిందదే, ఒక్కటే ఉంటే మెథనాల్, సూడ్డానికి రెండూ నీళ్లలాగే ఉంటాయి, ఈ ఒంటి కార్బన్‌ది కడుపులోకెళ్తే ముందు కళ్లు పోతాయి, తరవాత పేణం, ఒక్క కార్బనే తేడా, రత్నావతి చేతిలో యూనిఫారం నలిగింది, కళ్ల సంగతి దీనికెవరు చెప్పారు, పక్కింటి వసంతా, ఆ కుర్రాడి తల్లా, ఎవురు సెప్పినారే నీకు, ఎవురూ సెప్పలేదు, ఆస్పత్రిలో డాక్టరు నీతో మెథనాల్ అన్నాడు, నీ పక్కనే ఉన్నాను, అదేటో తెలుసుకుందామనే కెమిస్ట్రీ తీసుకున్నాను.

గుండె జబ్బే అని తను చెప్పిన ప్రతిసారీ ఊఁ అని తలూపేది, ఎదురు ప్రశ్న ఒక్కటీ వేసేది కాదు, చిన్నపిల్ల నమ్మిందిలే అనుకుంది తను, నమ్మలేదు, ఏనాడూ నమ్మలేదు, అమ్మకు ఆ అబద్ధం అవసరమని ఊరుకుంది.